మా ఆవిడ ఓటు, ఒంటిగంట గేటు

ఎన్నికల్లో ఓడిపోవడానికి లోకంలో చాలా మార్గాలున్నాయి. డబ్బు లేక ఓడినవాళ్లున్నారు, బలగం లేక ఓడినవాళ్లున్నారు, నోటిదురుసు వల్ల ఓడినవాళ్లయితే లెక్కే లేదు. నేను మాత్రం క్రమశిక్షణ వల్ల ఓడిపోయాను. అవతలి అభ్యర్థి నన్ను ఓడించడానికి పెద్దగా కష్టపడలేదు. పాపం, అతనికి ఆ శ్రమ లేకుండా ఆ పని మొత్తం నేనే దగ్గరుండి, టైము ప్రకారం, నిబంధనలు తప్పకుండా చేసిపెట్టాను. ఆ ఘోరం ఎలా జరిగిందో ఇప్పుడు చెబుతాను. మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు. మా ఊరివాళ్లు తృప్తిగా నవ్వుకోగా మిగిలినదే మీకు వడ్డిస్తున్నాను.

నా పేరు జీవరత్నం. వేమూరు నుంచి భట్టిప్రోలు వెళ్లే దారిలో, బస్సు ఆగీ ఆగనట్టు ఆగే ఊరొకటి ఉంది, అదే మాది. లెక్కల మాస్టారుగా కర్లపాలెంలో ఉద్యోగం మొదలుపెట్టి, బాపట్ల చుట్టుపక్కల బళ్లన్నీ తిరిగి, చివరికి సొంత ఊరి బడికే బదిలీ మీద వచ్చిపడ్డాను.

బడిపంతులు ఉద్యోగంలో జీతంతోపాటు తప్పకుండా వచ్చేది ఎన్నికల డ్యూటీ. ఏ ఎన్నికలొచ్చినా మమ్మల్ని లారీలోనో బస్సులోనో ఎక్కించి, బ్యాలెట్ పెట్టెతో సహా ఏదో ఊళ్లో దించేవారు. బల్లల మీద పడుకుని, దోమలకు రక్తదానం చేసి, తెల్లారేసరికి ప్రిసైడింగ్ ఆఫీసర్ హోదాలో కూర్చునేవాణ్ని. అన్నేళ్లలో నా బూతు మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. ‘జీవరత్నం బూతులో ఈగ కూడా వరుసలోనే ఎగురుతుంది’ అని తోటి మాస్టర్లు అనేవారు. అది పొగడ్త అనే అనుకునేవాణ్ని. పోలింగు రోజున నేనెప్పుడూ పరాయి ఊళ్లోనే ఉండేవాణ్ని కాబట్టి నా ఓటు తపాలాలో పోయేది. ఈ చివరి ముక్క ఒక మూల పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంత నిబంధనల మనిషి సర్పంచిగా పోటీకి ఎందుకు దిగాడంటే, దానికి కారణం ఒక తాటి మొద్దు. మా పల్లెకీ బడికీ మధ్య పంట కాలవ ఉంది. దాని మీద వంతెన అనే పేరుతో ఒక తాటి మొద్దు పడి ఉండేది. ఎండాకాలం ఫరవాలేదు. కాలవకు నీళ్లు వదిలాక, వానలు కూడా తోడయ్యాక, పాచిపట్టిన ఆ మొద్దు మీద పిల్లలు పుస్తకాల సంచులతో నడిచివస్తుంటే ఒక్కొక్కళ్లనీ ఒడ్డు మీద నిలబడి లెక్కపెట్టుకునేవాణ్ని. ఒక వానాకాలం పొద్దున నాలుగో తరగతి చదివే కరుణ అనే పిల్ల కాలుజారి నీళ్లలో పడింది. నేను బట్టలతోనే దూకాను. పుస్తకాలు పోయాయి, పిల్ల దక్కింది. పంచాయతీ ఆఫీసుకు పోయి అడిగితే ‘చూద్దాం మాస్టారూ’ అన్నారు. ఆ ‘చూద్దాం’ అప్పటికి నా సర్వీసంత పాతది. ఆ కోపంలో ఉద్యోగం నుంచి ముందుగానే విరమణ తీసుకుని, నామినేషన్ వేశాను. గెలిస్తే మొదటి పని కల్వర్టు. ఇంకో వాగ్దానం చెయ్యలేదు.

నా మీద నిలబడింది ఆంజనేయులు. మంచివాడు, ట్రాక్టర్లున్నవాడు, అన్నిటికంటే ముఖ్యంగా నా దగ్గర చదువుకున్నవాడు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. అభ్యర్థుల పేర్లు అక్షర క్రమంలో పెట్టి వరుసగా గుర్తులు పంచుతారు. ఆంజనేయులుకు ఉంగరం వచ్చింది, నాకు కత్తెర వచ్చింది. ‘ఆయన మన మార్కులకి ఎప్పట్నించో కత్తెరేస్తూనే ఉన్నాడుగా, సరిగ్గానే ఇచ్చారు’ అని ఊరంతా అనుకున్నారు.

ప్రచారం గురించి ఎక్కువ చెప్పను. ఇంటింటికీ వెళ్లాను, నమస్కారం పెట్టాను, అంతవరకు బాగానే ఉంది. కానీ గుమ్మంలో పిల్లవాడు కనబడితే నా నోరు ఊరుకునేది కాదు.

“ఏరా, పదమూడో ఎక్కం వచ్చా?”

పిల్లవాడు లోపలికి పారిపోయేవాడు. వాడి వెనకే తండ్రి కూడా లోపలికి జారుకునేవాడు. తండ్రికీ పదమూడో ఎక్కం రాదన్న సంగతి నాకు తెలుసని అతనికి తెలుసు.

“ఏవండీ, మీరు ఓట్లడుగుతున్నారా, ఎక్కాలడుగుతున్నారా?” అంది మా ఆవిడ సుగుణ.

“రెండూ అడుగుతున్నాను. ఏదొస్తే అది.”

“ఏదీ రాట్లేదు, చూస్తున్నారుగా.”

అయినా ఆ ఊళ్లో సగం మందికి నా మీద అభిమానముంది, మిగతా సగానికి భయముంది. రెండూ కలిస్తే గెలుపే అని నా ఏజెంటు యేసుపాదం లెక్క తేల్చాడు. యేసుపాదం మా మేనత్త కొడుకు. లెక్కల్లో నా దగ్గరే ఫెయిలయ్యాడు.

పోలింగు రోజు వచ్చింది. పంచాయతీ ఎన్నికలు కదా, పొద్దున మొదలై ఒంటిగంటకల్లా ముగుస్తుంది, భోజనాలు కాగానే అక్కడే లెక్కింపు. తెల్లవారుతుండగానే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరుతుంటే సుగుణ అడ్డం వచ్చింది.

“ముందు మనిద్దరం పోయి ఓటేసొచ్చేద్దామండీ. ఓ పనైపోద్ది.”

“అభ్యర్థి ముందు తోసుకుపోయి ఓటేస్తే ఏం మర్యాద? పిల్లలు తిన్నాకే మాస్టారు తినాలి. ముందు జనం, తర్వాత మనం. అయినా నీకు వంట పనుందిగా.”

వంట సంగతి చెప్పాలి. పోలింగు సిబ్బంది ఆకలి ఎలా ఉంటుందో నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అటుకులతో మధ్యాహ్నం దాకా లాగిన రోజులెన్నో ఉన్నాయి. నా సొంత ఊళ్లో సిబ్బంది పస్తులుండకూడదని పట్టుబట్టాను. అయితే ఒక అభ్యర్థి ఒక్కడే భోజనం పెడితే పక్షపాతం కింద వస్తుంది. అందుకని ఆంజనేయులుతో మాట్లాడి ఒప్పందం చేసుకున్నాను. అన్నం, పప్పు, వంకాయ కూర మా ఇంటి నుంచి. గోంగూర పచ్చడి, పెరుగు, అరటిపళ్లు వాళ్లింటి నుంచి. దేశంలో ఎన్నికల చరిత్ర రాసేవాళ్లు ఈ ఒప్పందాన్ని ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

బడికి వెళ్లేసరికి, ఉద్యోగంలో ఉండగా నేను రోజూ కూర్చున్న గదిలో నేను రోజూ కూర్చున్న కుర్చీలో ప్రిసైడింగ్ ఆఫీసరుగా ఒక అమ్మాయి కూర్చుని ఉంది. నన్ను చూడగానే దిగ్గున లేచి నిలబడింది.

“సార్! నేనండి, మాధవిని. కర్లపాలెం హైస్కూల్లో తొమ్మిది, పది మీ దగ్గరే చదువుకున్నానండి. ఇప్పుడు బాపట్లలో టీచర్నండి.”

“కూర్చోమ్మా, కూర్చో. నువ్విప్పుడు ఆఫీసర్‌వి.”

“నాకిదే మొదటి డ్యూటీ సార్. ఎక్కడ తప్పు పడుతుందోనని భయంగా ఉంది.”

ఆ మాటతో నాలో ముప్ఫై ఏళ్ల ప్రిసైడింగ్ ఆఫీసర్ లేచి కూర్చున్నాడు. అభ్యర్థి ఎక్కడికి పోయాడో నాకు తెలియదు, ఆ రోజంతా మళ్లీ కనబడలేదు.

ముందుగా బ్యాలెట్ ఎలా మడవాలో అందరికీ చూపించాను. నిలువుగా ఒక మడత, తర్వాత అడ్డంగా ఒక మడత, అప్పుడు ముద్ర రెండో గుర్తుకు అంటుకోదు. మా బడి వరండాలో ఆడవాళ్లది ఒక వరుస, మగవాళ్లది ఒక వరుస పెట్టించాను. అలవాటు కొద్దీ ‘పొట్టివాళ్లు ముందు’ అన్నాను గానీ వెంటనే నాలిక కరుచుకున్నాను. ఆంజనేయులు ఏజెంటు అభ్యంతరం చెబుతాడేమోనని చూస్తే, ఆంజనేయులే అతన్ని ఆపాడు.

“ఉండనీరా. మాస్టారికి తప్పు చెయ్యడం రాదు. మనకి ఒక పని తప్పింది.”

అతని ముఖంలో చిరునవ్వు ఎందుకుందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

పది గంటలప్పుడు దాసు వచ్చాడు. దాసు మా ఊరి టైలరు, నాకు వీరాభిమాని. ప్రచారంలో నా వెంట తిరిగి చెప్పులు అరగదీసుకున్నాడు. కొట్టు నుంచి నేరుగా వచ్చాడేమో, మెడలో టేపు, చొక్కా జేబులో కత్తెర.

“దాసూ, ఆగు. జేబులో అదేంటి?”

“కత్తెరండి మాస్టారూ.”

“కత్తెర నా గుర్తు. బూతు దగ్గర గుర్తులు కనబడకూడదు. ఇంటికి పోయి, అది పెట్టేసి రా.”

“మాస్టారూ, ఇది గుర్తు కాదండి, నా బతుకుతెరువు. జేబులో లోపలికి తోసేస్తాను.”

“రూలు రూలే దాసూ. పైగా నావాడివి. నిన్ను వదిలితే జనం ఏమనుకుంటారు?”

దాసు నన్ను ఒకసారి చూశాడు, కత్తెరను ఒకసారి చూశాడు, వెళ్లిపోయాడు. యేసుపాదం నా చెయ్యి పట్టుకుని మూలకు లాగాడు.

“బావా, నీకేమన్నా మతిపోయిందా? ఆంజనేయులు గుర్తేంటి?”

“ఉంగరం.”

“అక్కడ వరసలో నిలబడ్డ అతని మనుషుల వేళ్లకేం ఉన్నాయి?”

చూశాను. ప్రతి వేలికీ ఒకటి మెరుస్తోంది. కొందరికి రెండేసి.

“ఉంగరం ఆభరణం రా. పెళ్లి ఉంగరం తీసి రమ్మని ఎవరికైనా ఎలా చెబుతాం? కత్తెర పనిముట్టు.”

“అయితే నువ్వు ఓడిపోతే అది కూడా రూలు ప్రకారమేనా?”

“రూలు ప్రకారం ఓడినా గౌరవమే.”

యేసుపాదం ఆకాశం వైపు చూశాడు. వాడు గుళ్లో కూడా అంత భక్తిగా పైకి చూడగా నేనెన్నడూ చూడలేదు.

దాసు ఎంతకీ తిరిగి రాలేదు. కొట్టుకు వెళ్లేసరికి ఎవరిదో పెళ్లి జాకెట్టు కోసం మనిషి వచ్చి కూర్చున్నారట. కత్తెర చేతిలో ఉంది, గుడ్డ ఎదురుగా ఉంది, మాస్టారి మీద కోపం కడుపులో ఉంది. కూర్చుని కుట్టేశాడు.

మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది. నాట్లకు వెళ్లిన ఆడవాళ్లు చేలల్లోంచి పరుగున వచ్చి వరుసలో చేరారు. నేను గడియారం చూసుకుంటూ గేటు దగ్గర నిలబడ్డాను. ఒంటిగంట కొట్టగానే కేక వేశాను.

“గేటు వెయ్యండి! మాధవీ, వరుసలో ఉన్నవాళ్లకిచ్చే నంబరు చీటీలు చివరి నుంచి ముందుకు పంచుకుంటూ రామ్మా. ముందు నుంచి పంచితే చివర్లో కొత్తవాళ్లు చేరుతూనే ఉంటారు.”

“అలాగే సార్.”

గేటు పడింది. చీటీలు చక్కగా పంచబడ్డాయి. నేను వరుస పక్కన నిలబడి అంతా పర్యవేక్షించాను. సరిగ్గా అప్పుడే ఒక చేత్తో అన్నం డబ్బా, ఇంకో చేత్తో కూర క్యారేజీ పట్టుకుని, నుదుటి చెమట తుడుచుకునే వీలు కూడా లేకుండా, సుగుణ గేటు ముందుకు వచ్చింది.

“గేటు తియ్యండి.”

“క్యారేజీ పై నుంచి అందించు.”

ఆమె అందించింది. నేను అందుకుని లోపల పెట్టి వచ్చాను. ఆమె అక్కడే నిలబడి ఉంది.

“ఇప్పుడు తియ్యండి. ఓటెయ్యాలి.”

“ఒంటిగంట దాటిపోయింది సుగుణా.”

“దాటితే?”

“దాటితే గేటు లోపలున్నవాళ్లకే ఓటు.”

“ఏవండీ, పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర నన్ను కూర్చోబెట్టిందెవరు?”

వరుసలో ఉన్నవాళ్లంతా మెడలు తిప్పారు. మాధవి బయటికి వచ్చి, తప్పుచేసిన పిల్లలా మెల్లగా అడిగింది.

“సార్, ఇప్పుడేగా వేసింది గేటు. అమ్మగారు ఎదురుగానే ఉన్నారు...”

“నేను నీకు నేర్పింది ఇదేనా మాధవీ?”

మాధవి తల దించుకుంది. అప్పుడు ఆంజనేయులు ముందుకొచ్చాడు. ఒట్టేసి చెబుతున్నాను, అతను మనస్ఫూర్తిగానే అడిగాడు.

“మాస్టారూ, పిన్నిగారిని రానీండి. నాకేం అభ్యంతరం లేదు.”

“నీకు లేకపోవచ్చు ఆంజనేయులూ. రూలుకుంది.”

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంటి ఓటును గేటు బయట నిలబెట్టి రచ్చ గెలుద్దామనుకున్నాను. సుగుణ కొంగుతో చెమట తుడుచుకుని, బడి ఎదురుగా ఉన్న అరుగు మీద కూర్చుంది. నాకు మాత్రం ఆ క్షణంలో ఛాతీ ఎంత ఉప్పొంగిందో చెప్పలేను. సొంత భార్యకైనా మినహాయింపు ఇవ్వని మహానుభావుణ్ని ఊరు కళ్లారా చూస్తోందనుకున్నాను. ఊరు చూసింది నిజమే గానీ, వాళ్లు చూసింది మహానుభావుణ్ని కాదని తర్వాత తెలిసింది.

భోజనాలయ్యాయి. వంకాయ కూర బ్రహ్మాండంగా ఉందని సిబ్బంది అన్నారు. గోంగూర పచ్చడి కూడా బాగుందని, నిష్పక్షపాతంగా నేనే అన్నాను. తర్వాత పెట్టె తెరిచి లెక్కపెట్టారు. ఉంగరం ముందుంది, కత్తెర అందుకుంది, మళ్లీ ఉంగరం, మళ్లీ కత్తెర. చివరికి రెండు ఓట్ల తేడాతో ఆంజనేయులు గెలిచాడని ప్రకటించారు.

బయట టపాకాయలు పేలాయి. నేను గంభీరంగా వెళ్లి ఆంజనేయులు చెయ్యి పట్టుకుని అభినందించాను. అతను వంగి నా కాళ్లకు దండం పెట్టాడు. ఓడించినవాడు కాళ్లకు దండం పెడితే దీవించాలో, కాలు వెనక్కి తీసుకోవాలో ఏ నిబంధనలోనూ లేదు. దీవించాను.

సాయంత్రం బడి వరండాలో నలుగురం మిగిలాం. నేను, సుగుణ, యేసుపాదం, అప్పుడే తీరిగ్గా జాకెట్టు పూర్తిచేసి వచ్చిన దాసు. నేనే మొదలుపెట్టాను.

“బాధపడకండి. లెక్క ప్రకారం చూస్తే ఏం కాలేదు. దాసు ఓటు పడలేదు, సుగుణ ఓటు పడలేదు. ఆ రెండూ పడ్డా ఇద్దరికీ సమానమయ్యేవి. అప్పుడు లాటరీ తీసేవాళ్లు. లాటరీలో ఎవరికి వచ్చేదో ఎవరు చెప్పగలరు? కాబట్టి మన గెలుపు మనమే పోగొట్టుకున్నామని అనలేం.”

లెక్కల మాస్టారిని కదా, లెక్క గట్టిగానే చెప్పాను. దాసు కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. సుగుణ మాత్రం నా మాటలు వినడం లేదు. మాట్లాడుతూ నేను ఊపుతున్న ఎడమ చేతిని చూస్తోంది.

“ఏవండీ, ఆ చెయ్యి ఇటివ్వండి.”

ఇచ్చాను. చూపుడువేలు పట్టుకుని వెలుగులోకి తిప్పింది. అటు చూసింది, ఇటు చూసింది.

“సిరా ఏదండీ?”

“ఏ సిరా?”

“ఓటేసినోళ్లకి పెట్టే సిరా.”

యేసుపాదం లేచి నిలబడ్డాడు. దాసు నోరు తెరిచాడు. నా వేలు సుద్దముక్కలా తెల్లగా ఉంది. ముప్ఫై ఏళ్లు వేలమంది వేళ్లకు దగ్గరుండి సిరా పెట్టించినవాణ్ని, పోలింగు రోజున వరుసలో నిలబడి ఓటెయ్యడమనేది అలవాటే లేనివాణ్ని, పొద్దున్నుంచీ ఆ వరుస పక్కన నిలబడ్డానే గానీ వరుసలో ఒక్క క్షణం నిలబడలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. మా కుడితి తొట్టి లోతు ఆ సాయంత్రం కొలిచి చూసుకున్నాను.

“మూడు ఓట్లు బావా,” అన్నాడు యేసుపాదం నీరసంగా. “లాటరీ కూడా అక్కర్లేదు. ఒక్క ఓటుతో గెలిచేవాడివి.”

లెక్కల్లో వాడికి ఆ రోజు నూటికి నూరు వేశాను.

ఆ ఆదివారం మా చర్చిలో పాస్టరు అయ్యగారు ఆలస్యం గురించి ప్రసంగించారు. ఆయన నావైపు చూడలేదు. గుడి మొత్తం చూసింది. అదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, మర్నాటి వాన పొద్దున నేను తాటి మొద్దు దగ్గరికి వెళ్లి నిలబడ్డప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. కరుణ వచ్చి నా వేలు పట్టుకుని ‘వంతెన ఎప్పుడు కడతారు మాస్టారూ’ అని అడిగింది. సిరా లేని ఆ వేలే పట్టుకుంది. నిజంగానే సిగ్గుపడ్డాను. ఆంజనేయులు ప్రయత్నం చెయ్యకపోలేదు, తెనాలి ఆఫీసుల చుట్టూ బాగానే తిరిగాడు. పని మాత్రం కాలేదు. ఆ ఐదేళ్లూ, ఆపైన ఎన్నికలు జరగక గడిచిన కాలమంతా, ప్రతి వానాకాలం పొద్దున నేనే ఆ మొద్దు దగ్గర నిలబడి పిల్లల్ని చెయ్యి పట్టి దాటించాను. నా శిక్ష నేనే వేసుకున్నాను, దానికి మాత్రం మినహాయింపులు లేవు.

మళ్లీ ఎన్నికలొచ్చేసరికి మా సర్పంచి పదవి ఆడవాళ్లకు వెళ్లింది. ఊరంతా మా ఇంటికి వచ్చింది. నా కోసం కాదు, సుగుణ కోసం.

“నిలబడతాను,” అంది సుగుణ. “ఒక్క షరతు. పోలింగు రోజున ఈయన ఊళ్లో ఉండకూడదు.”

ఆంజనేయులు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. నేను వార్డు మెంబరుగా నామినేషన్ వేశాను. నా మీద ఎవరూ పోటీకి రాలేదు. వస్తే పదమూడో ఎక్కం అడుగుతానని భయమట.

పోలింగు నాటి పొద్దున ఇంకా బడి తలుపులు తెరవకముందే సుగుణ నన్ను వరుసలో నిలబెట్టింది. నా వెనక ఆమె, ఆమె వెనక దాసు, దాసు జేబు ఖాళీ. ఓటేసి బయటికి రాగానే నా వేలు పరీక్షించి, రేపల్లె బస్సెక్కించింది. అక్కడ మా మరదలి ఇంట్లో టిఫిన్ తిని, భోజనం చేసి, ఏ గేటూ లేని వరండాలో బుద్ధిగా కూర్చున్నాను. సాయంత్రానికి ఫోనొచ్చింది.

“గెలిచామండీ.”

“ఎన్ని ఓట్లతో?”

“చాలా. మీరు లేరుగా.”

సర్పంచి ఆమె, ఉపసర్పంచి నేను. ఇంట్లో ఉన్న వరుసే పంచాయతీలోనూ వచ్చింది కాబట్టి నాకు కొత్తగా నేర్చుకోవలసిందేమీ లేకపోయింది. మొదటి తీర్మానం కల్వర్టు. కాగితాలు తీసుకుని తెనాలి ఆఫీసులో ఆమె ఎలా కూర్చుందో ఏమో, వాళ్లు ‘చూద్దాం’ అనలేదు. ఇప్పుడు ఆ కల్వర్టు మీద ట్రాక్టర్లు కూడా పోతున్నాయి. కాలేజీకి వెళ్లే కరుణ సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోతుంది. తాటి మొద్దును మాత్రం నేను పారేయనివ్వలేదు. మా అరుగు పక్కన వేయించాను, కూర్చోవడానికి పనికొస్తుంది.

ఇప్పుడు ఏ ఎన్నికలొచ్చినా ఆ పొద్దున ఆ మొద్దు పక్కన నిలబడి నేనొక ప్రమాణం చేస్తాను. ‘జీవరత్నమను నేను, పోలింగు రోజున ఏ గేటునూ ముట్టనని, అది రైలు గేటైనా సరే దాని దరిదాపులకు వెళ్లనని, ఎవరి జేబులోకీ తొంగి చూడనని, నా ఓటు పడేవరకు పరాయివాడి ఓటు గురించి నోరెత్తనని, దైవసాక్షిగా, గోంగూర పచ్చడి సాక్షిగా...’

సుగుణ ఎప్పుడూ అక్కడి దాకానే విని, చెయ్యి చాపుతుంది.

“ప్రమాణాలు తర్వాత చేద్దురుగానీ, ముందు పోయి ఓటేసొచ్చి వేలు చూపించండి.”